పిల్లలతో మారుమూల రాతి తీరం వెంబడి హైకింగ్ ఎలా చేయాలి

సముద్రతీరం వెంబడి నడక అనగానే చాలామందికి చదునైన ఇసుక మీద షికారు గుర్తొస్తుంది. రోడ్డు కూడా చేరని రాతి తీరాలు అలా ఉండవు. కొండ నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది. దారి దాని నెత్తి మీదకు ఎక్కుతుంది, వాగు దగ్గర కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్‌నే చూడండి. మొత్తం పొడవు 1014 కిలోమీటర్లు. అందులో అన్నిటికన్నా ఎత్తైన చోటు 318 మీటర్లే. అయినా మొదటి నుంచి చివరిదాకా ఎక్కే ఎత్తులన్నీ కలిపితే సుమారు 35 వేల మీటర్లు, అంటే దాదాపు నాలుగు ఎవరెస్టులు. ఇక కాలిఫోర్నియాలోని లాస్ట్ కోస్ట్ దగ్గర కొండలు ఎంత నిటారుగా ఉంటాయంటే, తీరం పక్కనే సాగే హైవే అక్కడ సముద్రాన్ని వదిలి లోపలికి తిరిగిపోతుంది. అక్కడి నడకదారిలో కొన్ని భాగాలు పోటు సమయంలో నీళ్లలో మునిగిపోతాయి.

ఇలాంటి చోటికి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చు. నా ఉద్దేశంలో తప్పకుండా వెళ్లాలి. రాళ్ల మధ్య గుంటలో పీతను చూసిన ఆరేళ్ల పాపకు ఇంకే వినోదమూ అక్కర్లేదు. కాకపోతే ప్లాన్ మీ ఇష్టప్రకారం నడవదు. సముద్రం టైమ్ ఒకటి, మీలో అందరికన్నా చిన్నవాళ్ల అడుగు ఒకటి, ఈ రెండింటికీ లోబడే అన్నీ అమర్చుకోవాలి. ఎంత దూరం వెళ్లాలన్నది ఆ తర్వాతి మాట.

1. ముందు దారి ఎంచుకోండి

పిల్లలతో మొదటిసారి వెళ్తుంటే, వెళ్లిన దారినే తిరిగొచ్చే నడక ఎంచుకోండి. ఒక చోట మొదలుపెట్టి ఇంకో చోట తేలే దారులు చెప్పుకోవడానికి బాగుంటాయి గానీ, సగం దూరంలో పిల్లాడు ‘ఇక నావల్ల కాదు’ అంటే ముందుకూ అంతే దూరం, వెనక్కూ అంతే దూరం. వెళ్లి వచ్చే దారైతే ఏ నిమిషంలోనైనా వెనక్కి తిరగొచ్చు. పైగా తిరుగు దారి ఎలా ఉంటుందో అప్పటికే కళ్లతో చూసి ఉంటారు.

మ్యాప్ ముందు పెట్టుకున్నాక మొత్తం పొడవు కన్నా ముందు చూడాల్సింది, తీరం నుంచి పైకి, లోపలికి వెళ్లిపోగలిగే దారులు ఎక్కడెక్కడ ఉన్నాయని. వాటిని గుర్తు పెట్టుకోండి. ఎనిమిది కిలోమీటర్ల దారిలో ప్రతి రెండు కిలోమీటర్లకూ బయటపడే మార్గం ఉంటే అది పిల్లలకు పనికొచ్చే దారి. నాలుగు కిలోమీటర్లే అయినా ఒక పక్క నిట్టనిలువు చరియ, ఇంకో పక్క సముద్రం ఉండి మధ్యలో ఎక్కడా పైకెక్కే వీలు లేకపోతే, పిల్లలు పెద్దయ్యేదాకా దాన్ని పక్కన పెట్టండి.

సమయం లెక్కకు 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఇది గట్టి నేల మీద ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల లెక్క. చిన్నపిల్లలతో అయితే ఆ సమయాన్ని రెట్టింపు చేసుకోండి. మెత్తటి పొడి ఇసుక మీద నడవడానికి గట్టి నేల మీద కన్నా రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది. బండరాళ్ల మీదుగా వెళ్లాల్సిన చోట చిన్నవాళ్లతో గంటకు కిలోమీటరు సాగితే బాగా నడిచినట్టే. ఆటలకు, తిండికి, ఊరికే కూర్చోవడానికి పట్టే సమయం దీనికి అదనం. ఐదారేళ్ల పిల్లలతో రానూపోనూ నాలుగైదు కిలోమీటర్లంటే నిండు రోజే.

2. పోటు, పాటు లెక్క కట్టండి

కొండ మీద హైకింగ్‌కీ తీరం హైకింగ్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. పొద్దున మీరు నడిచిన దారి మధ్యాహ్నానికి ఉండకపోవచ్చు.

నీరు ఒడ్డు మీద బాగా పైకి వచ్చే సమయం పోటు, బాగా వెనక్కి పోయే సమయం పాటు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటు నుంచి తర్వాతి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు పాటు ఉదయం పది గంటలకైతే రేపు దాదాపు 10:50కి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా పైకి వస్తుంది, బాగా వెనక్కీ పోతుంది. అష్టమి రోజుల్లో ఆ తేడా తక్కువ. ఎంత తేడా అన్నది తీరాన్ని బట్టి ఉంటుంది. మధ్యధరా సముద్రం ఒడ్డున చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు. కెనడాలోని బే ఆఫ్ ఫండీలో 16 మీటర్ల దాకా ఉంటుంది. అందుకే ఒక తీరంలో వచ్చిన అనుభవాన్ని ఇంకో తీరానికి మోసుకెళ్లకూడదు. మీరు వెళ్లే చోటికి దగ్గర్లోని రేవు టైడ్ టేబుల్, అంటే పోటు, పాటు సమయాల పట్టిక చూడండి. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే దేశాల్లో, పట్టికలో ఉన్నది జరిపిన సమయమా కాదా అన్నది కూడా చూసుకోండి. ఒక గంట తేడా చాలు, మొత్తం ప్లాన్ తలకిందులవడానికి.

నీరు రోజంతా ఒకే వేగంతో పెరగదు. పాటు నుంచి పోటుకు పట్టే సుమారు ఆరు గంటల్లో పెరిగే ఎత్తును పన్నెండు భాగాలుగా పంచి చూడండి. మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, తర్వాత రెండు, చివర ఒకటి. ఇది ఉజ్జాయింపు లెక్కే, కొన్ని తీరాలకు సరిగ్గా పొసగదు. కానీ ప్రమాదం ఎక్కడుందో చక్కగా చూపిస్తుంది.

ఒక ఉదాహరణ కడదాం. పాటు ఉదయం 11:30కి. పోటుకీ పాటుకీ తేడా 4.8 మీటర్లు, అంటే ఒక భాగం 40 సెంటీమీటర్లు. దారిలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ ఒకటుంది. నీరు వెనక్కి పోయినప్పుడే దాని మొదట్లో నుంచి నడిచి అవతలి ఇసుక ఒడ్డుకు చేరగలం. 9:00కి బయల్దేరితే 10:15కి ఆ కొండ దగ్గరుంటారు. అప్పటికి నీరు ఇంకా తగ్గుతూనే ఉంటుంది. 10:45కి అవతలి ఒడ్డు. పిల్లలు పన్నెండు దాకా ఆడుకుంటారు. 12:30కి మళ్లీ కొండ మొదట్లో ఉంటే, పాటు నుంచి నీరు పెరిగింది 40 సెంటీమీటర్లే. అదే ‘ఇంకో గంట ఆడుకోనీ’ అనుకుంటే 1:30కి 1.2 మీటర్లు. ఇంకో గంట ఆలస్యమైతే 2.4 మీటర్లు. మొదటి గంటలో నీరు ఏమంత పెరగలేదని చూసి ధీమాగా కూర్చుంటే, మూడో గంటకు పెద్దవాళ్లు కూడా మునిగేంత నీరు చేరుతుంది.

కాబట్టి ఇలాంటి మలుపుల్ని ఎప్పుడూ నీరు తగ్గుతున్నప్పుడే దాటి వెళ్లండి. పాటు దాటిన గంటలోపు తిరిగి ఇవతలికి వచ్చేయండి. ఆ సమయాన్ని ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి, కాగితం మీదా రాసుకోండి. అలారం మోగితే ఆట ఎంత రసపట్టులో ఉన్నా లేవాల్సిందే. ఈ విషయంలో పిల్లలతో బేరాలు వద్దు.

ఇంకో సంగతి. టైడ్ టేబుల్ చెప్పేది మామూలు వాతావరణంలో ఉండే ఎత్తు. గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. పైగా సముద్రం మీద నుంచి ఒడ్డుకు గట్టిగా గాలి వీస్తుంటే నీరు ఇంకా ముందుకు తోసుకొస్తుంది. దగ్గర్లో అల్పపీడనం ఉన్న రోజు పట్టికలో అంకె చూసి ధైర్యపడొద్దు.

3. వాతావరణంలో గాలి, అలల సూచన కూడా చూడండి

వాన పడుతుందా లేదా అని మాత్రమే చూసి ఊరుకుంటే సరిపోదు. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలిలో టోపీ పట్టుకుని నవ్వుకుంటూ నడిచే పాపను 60 కిలోమీటర్ల గాలి పక్కకు తోసేస్తుంది. కొండ కొసల మీద, రెండు గుట్టల మధ్య సందుల్లో గాలి మరీ ఎక్కువ. గట్టి గాలులు వీస్తాయని సూచన ఉంటే ఆ రోజు కొండ అంచు దారి మానేసి లోపలి దారి పట్టండి.

చాలా తీరాల్లో ఎండ రోజున మధ్యాహ్నానికి సముద్రపు గాలి బలం పుంజుకుంటుంది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయడం పిల్లలకూ మంచిదే. చల్లటి నీటి మీదకు తేమతో నిండిన వెచ్చటి గాలి వచ్చినప్పుడు పొగమంచు కమ్ముకుంటుంది, చూస్తుండగానే ఎదుటి కొండ కనపడకుండా పోతుంది. అలా జరిగితే అంచుకు దూరంగా జరిగి, అందరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి నడవండి.

4. ఎక్కడికి వెళ్తున్నారో ఒకరికి చెప్పి బయల్దేరండి

వెళ్లే చోటు, బండి పెట్టే చోటు, ఎంతమంది, ఏ టైమ్‌కి తిరిగొచ్చి ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎన్ని గంటలకు సహాయానికి కబురు చేయాలి. ఇవన్నీ మెసేజ్ రూపంలో ఒకరి దగ్గర ఉండాలి. మారుమూల తీరంలో సిగ్నల్ ఉండదన్న లెక్కలోనే ఉండండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. కాగితం మ్యాప్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో ఉండాలి. ఇలాంటి చోట్లకు తరచూ వెళ్లేవాళ్లైతే, ఉపగ్రహం ద్వారా సహాయం కోరే చిన్న పరికరం కొనుక్కోవడం నా దృష్టిలో ఖరీదైన బూట్ల కన్నా ముఖ్యం.

5. సంచి సర్దుకోవడం

పిల్లలకు పొరలుపొరలుగా బట్టలు వేయండి. లోపల చెమట త్వరగా ఆరే బట్ట, దాని మీద వెచ్చటిది, పైన గాలీ వానా ఆపే జాకెట్. కాటన్ తడిస్తే ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది, కాబట్టి చల్లటి ప్రాంతాలకు జీన్స్ వద్దు. ఒక్కొక్కరికి ఒక జత పొడి బట్టలు, రెండు జతల సాక్సులు నీళ్లు చొరని కవర్లో కట్టి పెట్టండి. పిల్లలు నీళ్లలో దిగకుండా ఉండరు. ఆ పొడి సాక్సులే తిరుగు ప్రయాణాన్ని గట్టెక్కిస్తాయి.

బూట్లు కొత్తవి వేయొద్దు. అప్పటికే కొన్నాళ్లు తొడిగి కాలికి అలవాటైనవి, అడుగున గట్టి పట్టున్నవి కావాలి. ఇసుక బూటులోకి చేరితే అరగంటలో బొబ్బ లేస్తుంది. ‘గుచ్చుకుంటోంది’ అని పిల్లలు అన్న వెంటనే ఆగి, బూటు విప్పి దులిపి, ఎర్రబడిన చోట టేపు వేయండి. ‘ఇంకాస్త దూరమేలే’ అని నడిపిస్తే ఆ తర్వాత ఎత్తుకోవాల్సింది మీరే.

పసిబిడ్డను వీపు మీద క్యారియర్‌లో మోసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నడుస్తున్నది మీరు, మీకు చెమట పడుతుంది. బిడ్డ కదలకుండా గాలికి ఎదురుగా కూర్చుని ఉంటుంది. మీకు వెచ్చగా ఉందని బిడ్డకూ వెచ్చగా ఉందనుకోవద్దు. కాసేపటికోసారి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చేతివేళ్లు చల్లగా ఉండటాన్ని బట్టి అంత తెలియదు. వీపు మీద బరువు పైకి ఉంటే తూకం తప్పడం కూడా తేలిక. క్యారియర్ వేసుకుని బండరాళ్ల మీదకు ఎక్కొద్దు.

నీళ్లు సరిపడా మోసుకెళ్లాల్సిందే. సముద్రంలో కలిసే చోట వాగు నీరు ఉప్పుగా ఉండొచ్చు, పైన పశువులు మేసే చోటైతే అలాగే తాగడానికి పనికిరాదు. వాగు నీరు తప్పనిసరైతే పై భాగం నుంచి తెచ్చి, బాగా మరిగాక ఒక నిమిషం పాటు మరగనిచ్చి తాగండి. తిండి విషయంలో ప్రయోగాలు వద్దు. పిల్లలకు ఇష్టమైనవి, నడుస్తూ తినగలిగేవి, మీరు అనుకున్న దానికన్నా ఎక్కువ పెట్టుకోండి.

ఎండ తీవ్రంగా లేకపోయినా సన్‌స్క్రీన్, అంచున్న టోపీ కావాలి. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతం, సముద్రపు నురగ 25 శాతం దాకా తిరిగి పైకి కొడతాయి. గడ్డం కింద, ముక్కు కింద కూడా చర్మం కమిలేది అందుకే. చల్లటి గాలి వీస్తుంటే మంట తెలియదు, రాత్రికి తెలుస్తుంది.

వీటితో పాటు ఫస్ట్ ఎయిడ్ డబ్బా, హెడ్‌టార్చ్, పవర్ బ్యాంక్, అల్యూమినియం పూతున్న పలచటి దుప్పటి, చెత్త మోసుకొచ్చేందుకు సంచి. ప్రతి పిల్లకీ మెడలో ఒక విజిల్.

6. బయల్దేరే ముందు పిల్లలతో మాట్లాడండి

బండి దిగాక హడావిడిలో కాదు, ముందురోజు రాత్రే మ్యాప్ పరిచి కూర్చోబెట్టండి. ఎక్కడికి వెళ్తున్నాం, నీరు ఎప్పుడు వెనక్కి పోతుంది, ఎప్పుడు తిరిగి రావాలి అన్నీ వాళ్లతో చెప్పించండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు టైడ్ టేబుల్ చదవగలరు. ‘పాటు ఎన్నింటికి?’ అని అడిగి పెద్ద పిల్లకు ఆ బాధ్యత అప్పగిస్తే, మర్నాడు మీకన్నా ముందు తనే టైమ్ చూస్తుంది.

నియమాలు కొన్నే ఉండాలి, ఖాయంగా ఉండాలి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. ముందున్న పెద్దవాళ్లను దాటి వెళ్లకూడదు. ‘ఆగు’ అని వినపడితే అడుగు గాల్లో ఉన్నా ఆగాలి. ఈ చివరిదాన్ని ఇంటి దగ్గరే ఆటలా అలవాటు చేయండి.

తప్పిపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్పాలి. 1981లో కాలిఫోర్నియా కొండల్లో తొమ్మిదేళ్ల బాబు తప్పిపోయి చనిపోయాక, ‘చెట్టును పట్టుకుని అక్కడే ఉండు’ అని పిల్లలకు నేర్పే కార్యక్రమం మొదలైంది. కదలకుండా ఒక చోట ఉన్న పిల్లను వెతకడం, తిరుగుతూ ఉన్న పిల్లను వెతకడం కన్నా ఎంతో సులువు. రాతి తీరంలో చెట్లు ఉండకపోవచ్చు. అందుకని నాచూ కట్టెలూ కొట్టుకొచ్చి వరసగా పడి ఉన్న గీతను పిల్లలకు చూపించండి. ఇటీవలి పోటు అక్కడిదాకా వచ్చిందని దాని అర్థం. తప్పిపోతే ఆ గీత దాటి బాగా పైకి వెళ్లి, అంచుకు దూరంగా పెద్ద రాయి పక్కన కూర్చుని విజిల్ ఊదమనండి. కోప్పడతామేమోనన్న భయంతో పిల్లలు దాక్కోవచ్చు. ‘ఎంతసేపైనా మేం వెతుకుతాం, అస్సలు తిట్టం’ అని మాటివ్వండి.

7. నడిచేటప్పుడు

ముందు ఒక పెద్దవాళ్లు, వెనక ఒక పెద్దవాళ్లు, మధ్యలో పిల్లలు. కొండ అంచు దారిలో పిల్లలు లోపలి వైపు, మీరు సముద్రం వైపు. పైన గడ్డి పచ్చగా, గట్టిగా కనిపిస్తుంది గానీ కింద మట్టి కొట్టుకుపోయి అంచు గాల్లో వేలాడుతూ ఉండొచ్చు. నేలలో అంచుకు సమాంతరంగా పగులు కనిపిస్తే ఇంకా లోపలికి జరగండి. అంచుకు కనీసం ఐదు మీటర్ల దూరం పాటించండి, ఫొటోల కోసమైనా సరే. కింద ఒడ్డున ఉన్నప్పుడు చరియ మొదట్లో కూర్చుని తినడం కూడా ప్రమాదమే, ముఖ్యంగా వానలు పడ్డాక. కొత్తగా రాలిన రాళ్లు, మట్టి కుప్పలు కనిపిస్తే అక్కడ ఆగకుండా దూరంగా సాగిపోండి.

ఒడ్డు మీద నడవడానికి అనువైనది నీరు అప్పుడే వెనక్కి పోయిన తడి ఇసుక. గట్టిగా, చదునుగా ఉంటుంది. రాళ్ల మీదకు వచ్చేసరికి రంగు చూసి అడుగేయడం నేర్పండి. ఆకుపచ్చటి నాచున్న రాయి జారుతుంది. పోటు గీత దగ్గర రాళ్ల మీద పూసినట్టుండే నల్లటి పట్టీ తడిస్తే అంతకన్నా దారుణం. చిన్న చిన్న తెల్లటి గుల్లలు గరుకుగా అంటుకుని ఉన్న రాయి మీద కాలు నిలుస్తుంది. కాకపోతే పడితే మోకాళ్లు చెక్కుకుపోతాయి, పొడవు ప్యాంటు మేలు. చేతులు ఖాళీగా ఉంచుకోమనండి. ఏరుకున్న గవ్వలు జేబులో ఉండాలి, చేతుల్లో కాదు.

అలల దగ్గర పిల్లలకూ పెద్దలకూ ఒకే నియమం. రాళ్ల మీదకు దిగే ముందు పైన నిలబడి ఇరవై నిమిషాలు సముద్రాన్ని చూడండి. అలలు గుంపులుగా వస్తాయి. పదిహేను నిమిషాలు బుద్ధిగా ఉన్న నీరు ఒక్కసారిగా మామూలు కన్నా ఎంతో పైకి దూసుకొస్తుంది. ఐస్‌లాండ్‌లోని రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక బీచ్‌లో ఇలాంటి అలలు మనుషుల్ని లాక్కుపోయిన ఘటనలు ఉన్నాయి. చుట్టూ పొడి రాళ్ల మధ్య ఒక రాయి తడిగా ఉందంటే కాసేపటి కింద అల అక్కడిదాకా వచ్చినట్టే. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. జానెడు నీరు చేరినా ఆ దుంగ దొర్లుతుంది.

వాగు దాటాల్సి వస్తే పాటు సమయంలో, అది వెడల్పుగా పరుచుకుని పలచగా పారే చోట దాటండి. బూట్లు విప్పొద్దు. సంచి నడుము బెల్టు మాత్రం విప్పేయండి, పడితే సంచిని వెంటనే వదిలించుకోగలగాలి. ముందు ఒక పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లి చూసి రావాలి. ప్రవాహం ఉండి నీరు మీ మోకాలు దాటితే పిల్లలతో దాటే ప్రశ్నే లేదు. పొద్దున తేలిగ్గా దాటిన వాగు పైన వాన పడితే సాయంత్రానికి పొంగుతుంది, కాబట్టి వాన సూచన ఉన్న రోజు అవతలికి వెళ్లకపోవడమే మంచిది.

8. ఆగే చోటే అసలు గమ్యం

పెద్దవాళ్లకు నడక ముఖ్యం, పిల్లలకు ఆగడం ముఖ్యం. రోజులో సగం సమయం ఒకే చోట గడిచేలా పెట్టుకోండి. రాళ్ల మధ్య నీరు నిలిచిన గుంట దొరికితే గంటలు గడిచిపోతాయి. నీడ నీటి మీద పడకుండా పక్కన కూర్చుని ఓ రెండు నిమిషాలు కదలకుండా ఉండమనండి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత గుంట అడుగున నత్త గుల్ల ఒకటి నత్తకు చేతకానంత వేగంతో పరుగెడుతుంది. గుల్ల కింద నుంచి సన్నటి ఎర్రటి కాళ్లు. ఎవరో వదిలేసిన గుల్లలో కాపురం పెట్టిన సన్యాసి పీత అది. పెరిగేకొద్దీ ఇంకా పెద్ద గుల్ల వెతుక్కుని మారుతుంది. అందుకే ఖాళీ గుల్లలన్నీ ఏరుకొచ్చేయకుండా కొన్ని వదలమని చెబితే పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు.

రాయి తిప్పి చూస్తే మళ్లీ అలాగే, నెమ్మదిగా, ముందున్న వైపే పెట్టాలి. దాని కింద బతికేవి ఎండకు తట్టుకోలేవు. జెల్లీఫిష్ ఒడ్డున చచ్చి పడి ఉన్నా ముట్టుకోకూడదు, చచ్చాక కూడా కుడుతుంది. సీల్స్ విశ్రాంతి తీసుకుంటుంటే దూరం నుంచే చూడండి. అది తలెత్తి మీ వైపు చూసిందంటే మీరు దగ్గరికి వెళ్లిపోయినట్టు లెక్క. గులకరాళ్ల ఒడ్డు మీద కొన్ని పక్షులు గూడు కూడా కట్టకుండా గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి. ఏదైనా పక్షి మీ ముందు రెక్క ఈడుస్తూ కుంటుతుంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

9. ఏదైనా జరిగితే

వణుకుతున్న పిల్ల ఉన్నట్టుండి మాట తగ్గించి, తడబడుతూ నడుస్తుంటే చలి ఒంట్లోకి దిగినట్టు. పిల్లల శరీరం పెద్దవాళ్లకన్నా త్వరగా వేడి కోల్పోతుంది. గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు విప్పి, పొడివి వేసి, దుప్పటిలో మీ ఒంటికి ఆనించుకుని కూర్చోండి. మింగగలిగితే తీపి ఏదైనా పెట్టండి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దొద్దు.

జెల్లీఫిష్ కుడితే సముద్రపు నీటితో కడగండి. మంచినీళ్లు పోయొద్దు, ఇసుకతో రుద్దొద్దు. రకాన్ని బట్టి చికిత్స మారుతుంది, ఆ తీరంలో ఏవి ఉంటాయో ముందే తెలుసుకుని వెళ్లండి.

ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే దూకడం వద్దు. కాపాడబోయి పెద్దవాళ్లే మునిగిపోతుంటారు. చల్లటి నీటిలో పడగానే ఊపిరి అదుపు తప్పుతుంది, అది ఒకటి రెండు నిమిషాల్లో కుదుటపడుతుంది. అప్పటిదాకా ఈదబోకుండా వెల్లకిలా తేలుతూ ఉండమని అరవండి. తేలే వస్తువు ఏదైనా విసరండి, కర్రో తాడో అందించండి, ఇంకొకరు ఫోన్ చేయండి. ఈ వెల్లకిలా తేలడాన్ని పిల్లలకు ఈతకొలనులోనే నేర్పి తీసుకెళ్లండి.

చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 కలుస్తుంది. మీ నెట్‌వర్క్ లేకపోయినా చాలాచోట్ల వేరే నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది. తీర రక్షక దళం కావాలని చెప్పండి. అసలు సిగ్నలే లేకపోతే విజిల్ వాడాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు. పర్వతాల్లో ఆపద గుర్తుగా చాలా దేశాల్లో వాడేది ఇదే. ఉత్తర అమెరికాలో మూడుసార్లు ఊదడం ఎక్కువ. చీకటైతే టార్చ్‌తోనూ ఇలాగే.

నీరు చుట్టుముట్టి ఎటూ వెళ్లలేని స్థితి వస్తే నిట్టనిలువు చరియ ఎక్కడానికి ప్రయత్నించొద్దు, ఈది దాటాలనీ చూడొద్దు. నీరు అందనంత ఎత్తులో ఏదైనా నిలకడైన చోటు ఉంటే అక్కడికి చేరి సహాయానికి కబురు పంపండి. పోటు గడిచిపోయేదాకా పిల్లల్ని వెచ్చగా ఉంచడమే మీ పని.

10. తిరుగు ప్రయాణం

తిరిగొచ్చేటప్పుడు పిల్లల కాళ్లకు అలసట ఉంటుంది, కళ్లకు కొత్తదనం ఉండదు. ఎక్కువసార్లు పడేది అప్పుడే. దాచిపెట్టిన ఇష్టమైన తినుబండారం ఇప్పుడు బయటికి తీయండి. దారిని చిన్న ముక్కలు చేయండి, ‘ఆ ఎర్ర బండ దాకా’, ‘ఆ వాగు దాకా’ అంటూ. పెద్ద పిల్లల్ని కాసేపు ముందు నడవనివ్వొచ్చు, అంచు లేని చోట మాత్రమే. చీకటి పడడానికి రెండు గంటల ముందే బండి దగ్గర ఉండేలా చూసుకోండి.

మీ చెత్తతో పాటు టాయిలెట్ పేపరు కూడా సంచిలో వెనక్కి రావాలి. అవసరం తీర్చుకోవాల్సి వస్తే నీటికి అరవై మీటర్ల దూరంలో, పదిహేను ఇరవై సెంటీమీటర్ల గుంట తీసి పూడ్చండి.

సిగ్నల్ అందగానే, కబురు చెప్పి వచ్చినవాళ్లకు ‘క్షేమంగా వచ్చేశాం’ అని చెప్పడం మరవొద్దు. లేకపోతే మీరు వేడినీళ్ల స్నానం చేస్తుంటే అక్కడ చీకట్లో మీకోసం గాలింపు మొదలవుతుంది. గడ్డిలో, పొదల్లో నడిచి ఉంటే స్నానం చేయించేటప్పుడు పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో పిడుదులు ఉన్నాయేమో వెతకండి. కనిపిస్తే నూనె పోయడం, కాల్చడం లాంటివి చేయకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగి తీసేయండి. ఆ తేదీ రాసి పెట్టుకోండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకు ఆ తేదీతో సహా చెప్పండి.